పాత బేస్ గిటారు కడుపులో ఉన్నది తీసేయకండి

మన ఇళ్ళలో పాత సామాను మూడు దారుల్లో పోతుంది. ఇత్తడి, రాగి అయితే పాత్రలవాడికి. కాగితాలైతే పొయ్యిలోకి. ఏమిటో తెలియని వస్తువైతే, ఎవరో ఒకరు "నేను బాగు చేస్తా" అని పట్టుకుపోయి విప్పేసి వదిలేస్తారు. ఈ మూడో దారి గురించే ఈసారి రాస్తున్నాం. మొదటి రెండిటి కంటే ఎక్కువ నష్టం చేసేది అదే అని మా అభిప్రాయం.

సంగతి ఇది. తళవాయిపురంలో మనవాళ్ళ పాత ఇల్లు ఒకటి దించి కట్టాలనుకుంటున్నారు. అటక ఖాళీ చేస్తే ఒక ఎలక్ట్రిక్ బేస్ గిటారు బయటపడింది. చిన్నతాత మద్రాసులో చదువుకునే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొని, స్నేహితులతో కలిసి లైట్ మ్యూజిక్ కచేరీల్లో వాయించినది. మామూలు బేస్ కంటే పొట్టి. ఒంటి మీద నాలుగైదు స్విచ్చులు, వెనక మూత, మూతకింద బ్యాటరీ గూడు. దీన్ని ఏం చేయాలని అడిగితే మూడు మాటలు వచ్చాయి. పెద్దవాళ్ళు "ఫోటోల పక్కన అద్దాల బీరువాలో పెట్టండి" అన్నారు. నడివయసు వాళ్ళు "కొనేవాడు దొరికితే ఇచ్చేయండి, ఇంట్లో చోటు లేదు" అన్నారు. కాలేజీలో చదివే పిల్లవాడు "లోపలి పాత సర్క్యూట్ పీకేసి కొత్త పికప్ వేయిస్తే నేను వాయించుకుంటా" అన్నాడు. మూడూ కాదని మేము అంటున్నాం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ వాద్యం ఏమిటో చెప్పాలి.

బేస్ గిటారుకి నాలుగు తంతులు. మామూలు గిటారు కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. అన్నిటికన్నా లావు తంతి సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. గిటారులో అదే పేరున్న తంతి 82 సార్లు. పాటలో బేస్ ఉందని చాలామంది గమనించరు, తీసేస్తే మాత్రం పాట కాళ్ళు విరిగినట్టు కూలబడుతుంది. అమెరికాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో ఈ వాద్యానికి ఇప్పటి రూపం వచ్చింది. అందులో తంతి మోగే పొడవు 34 అంగుళాలు. దాన్నే ఇవాళ 'లాంగ్ స్కేల్' అంటారు. పొట్టి రకం సుమారు 30 అంగుళాలు.

నాలుగు అంగుళాల తేడా చిన్నదేమీ కాదు. ఒకే తంతిని ఒకే శ్రుతిలో పెట్టాలంటే, పొడవు తగ్గినకొద్దీ బిగువు పొడవు వర్గం లెక్కన తగ్గుతుంది. 34 నుంచి 30కి వస్తే బిగువు దాదాపు 22 శాతం తక్కువ. అందుకే పొట్టి బేస్ వేళ్ళకి మెత్తగా తగులుతుంది, నాదం గుండ్రంగా, కొంచెం బొద్దుగా వస్తుంది. చిన్న చేతులవాళ్ళకి, అప్పటిదాకా మామూలు గిటారు వాయించి బేస్‌కి మారినవాళ్ళకి ఇది సుఖం. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న జర్మన్ హాఫ్నర్ బేస్ ఈ పొట్టి జాతిదే. వయొలిన్ ఆకారంలో ఉంటుంది, ఫోటోల్లో మీరు చూసే ఉంటారు.

ఇక స్విచ్చుల సంగతి. 1960ల చివర్లో ఇంగ్లండుకి చెందిన వాక్స్ పేరుమీద, గిటారు ఒంట్లోనే ఎఫెక్టులు అమర్చిన వాద్యాలు వచ్చాయి. వాక్స్ అంటే యాంప్లిఫైయర్లకి పేరు. ఆ గిటార్లలో చాలావాటిని తయారు చేసింది మాత్రం ఇటలీలోని రెకనాతి ఊళ్ళో ఉన్న ఎకో కంపెనీ. ఆ కంపెనీ పెట్టిన ఒలివియెరో పిజీని అంతకుముందు అకార్డియన్ల వ్యాపారంలో ఉన్నవాడు. అకార్డియన్‌కి నాదం మార్చే మీటలు ఒంటి మీదే ఉంటాయి. ఒక మీట నొక్కితే సన్నగా, ఇంకొకటి నొక్కితే బొంగురుగా పలుకుతుంది. ఆ గడ్డ మీద తయారైన గిటార్లకి ఒంటి నిండా మీటలు ఉండటం మాకు ఆశ్చర్యం అనిపించదు. బేస్‌లలో ఆస్ట్రో ఫోర్, కాన్‌స్టలేషన్ ఫోర్ అనే రకాలు ఈ కోవలోవి. చిన్నతాత బేస్ కూడా ఈ బాపతే.

ఒక్కో స్విచ్చు ఏం చేస్తుందో మన మాటల్లో చెప్తాం. మొదటిది శ్రుతి స్విచ్చు. నొక్కితే లోపలి సర్క్యూట్ ఒకే స్వరాన్ని ఆగకుండా పలికిస్తుంది, దానికి సరిపెట్టి సన్నతంతిని బిగించుకోవాలి. కచేరీ పక్కన పెట్టుకునే శ్రుతిపెట్టెని గిటారు కడుపులో పెట్టినట్టన్నమాట. రెండోది కిందిస్వరాలనో పైస్వరాలనో పెంచేది. మూడోది డిస్టార్షన్. తంతి కంపనాన్ని కావాలనే అతిగా పెంచి, తల నరికేస్తుంది. నున్నగా రావలసిన నాదం గరగరలాడుతూ వస్తుంది. వీటన్నిటికీ 9 వోల్టుల చిన్న బ్యాటరీ చాలు.

ఇదంతా పరాయి పిచ్చి అని కొట్టేసేవాళ్ళకి ఒక మాట. మన తంబురా సంగతి ఏమిటి? గుర్రం మీద తంతి కింద ఒక నూలుపోగు పెడతారు, జీవ అంటారు. ఆ పోగుని కాస్త ముందుకో వెనక్కో జరిపితేనే తంబురాకి ఆ ఝుమ్మనే నాదం వస్తుంది. పోగు తీసేస్తే ఉత్త తంతి మిగులుతుంది. నూలు మిల్లుల ఊరి వాళ్ళం, నూలుపోగు విలువ మనకి ఒకరు చెప్పాలా? వీణకి పక్కన మూడు తాళపు తంతులు ఉంటాయి, అవి వాద్యంలోనే అమర్చిన శ్రుతి, తాళం. నాదాన్ని మార్చే సాధనాన్ని వాద్యం ఒంట్లోనే పెట్టడం మనకి కొత్త కాదు. వాక్స్ వాళ్ళు నూలుపోగు బదులు ట్రాన్సిస్టర్ పెట్టారు.

అయితే వ్యాపారంగా ఆ ఆలోచన నిలవలేదు, అది ఒప్పుకోవాలి. అప్పటికే ఎఫెక్టులు విడి పెట్టెలుగా బజారులోకి వచ్చేశాయి. 1962లోనే మాయెస్ట్రో ఫజ్‌టోన్ అనే పెట్టె వచ్చింది, కాలితో నొక్కితే గరగర. 1966లో వాక్స్ తరఫు అమెరికా కంపెనీ థామస్ ఆర్గాన్‌లోనే బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు వా-వా సర్క్యూట్ తయారు చేశాడు, అదీ కాలిపెడల్‌గానే పేరు తెచ్చుకుంది. వాయించేవాడి రెండు చేతులకీ పని ఉంటుంది, ఖాళీగా ఉండేది కాలు. పైగా విడి పెట్టె పాడైతే అది ఒక్కటే మార్చుకోవచ్చు, మోజు తీరితే పక్కన పడేయవచ్చు. కడుపులో ఉన్నదానికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి "ఇది పాత కాలపు తప్పు లెక్క, పీకేద్దాం" అనే పిల్లవాడి మాటలో సగం నిజం ఉంది.

మిగతా సగం గురించి మా వాదన.

మొదటి సంగతి, పీకేస్తే తిరిగి రాదు. కొత్త పికప్ ఉన్న బేస్ ఏ కొట్లోనైనా దొరుకుతుంది, మన దేశంలో చేసినవే మంచివి దొరుకుతున్నాయి. ఆ పిల్లవాడికి కావలసింది నమ్మకంగా పలికే బేస్ అయితే కొత్తది ఒకటి కొనివ్వండి, మేమూ తలా కాస్త వేసుకుంటాం. ఆ పాత సర్క్యూట్ మాత్రం మళ్ళీ ఏ కొట్లోనూ దొరకదు. ఇవాళ ఫోనులో ఒక్క నొక్కుతో వెయ్యి రకాల గరగరలు వస్తాయి నిజమే. కానీ చిన్నతాత చెవికి వినిపించింది ఆ ఒక్క గరగరే. దాన్ని బతికించే వీలు చేతిలో ఉండగా ఎందుకు చంపాలి?

రెండో సంగతి, దాన్ని బాగుచేయడం కష్టం కాదు. ఇది చాలామందికి తెలియదు. ఇప్పటి ఫోనో, కంప్యూటరో విప్పితే గసగసాలంత ముక్కలు కనిపిస్తాయి. 1960ల సర్క్యూట్‌లో ప్రతి ముక్కా కంటికి కనబడుతుంది, వేళ్ళతో పట్టుకోవచ్చు, చేత్తో టంకం పెట్టవచ్చు. సాధారణంగా చెడేవి నాలుగే. కారిపోయిన బ్యాటరీ పులుసుకి తుప్పు పట్టిన కొక్కేలు. దుమ్ము పట్టి కరకరలాడే వాల్యూమ్ కంట్రోళ్ళు. మెరుగు పోయిన స్విచ్చులు. లోపల ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ ఎవరికైనా ఈ నాలుగూ కొట్టిన పిండి. మన ఊరు 1936లో రాజపాళయం మిల్స్ మొదలైన నాటినుంచి యంత్రాలతో కాపురం చేస్తున్న ఊరు. స్పిన్నింగ్ ఫ్రేము ఆగితే తుక్కుకి వేయం, అద్దాల గదిలోనూ పెట్టం. ఫిట్టర్ని పిలిచి విప్పిస్తాం, అరిగిన ముక్క మార్చి మళ్ళీ తిప్పుతాం. యంత్రానికి చూపే ఆ మర్యాద వాద్యానికి చూపమంటున్నాం, అంతే.

ఇక అద్దాల బీరువా. పెద్దల మనసు మాకు తెలుసు, గౌరవంతోనే ఆ మాట అన్నారు. కానీ వాయించని వాద్యం నిలవ ఉండటమంటే చావకుండా ఉండటం కాదు. తంతులు బిగించి ఏళ్ళ తరబడి వదిలేస్తే మెడ వంగుతుంది. మన ఎండకి, గాలికి జిగురు అతుకులు వదులుతాయి. మరిచిపోయిన బ్యాటరీ లోపలే కారి రాగితీగల్ని తినేస్తుంది. బొబ్బిలి వీణల్ని చూడండి. గొల్లపల్లిలో ఒకే పనసమానులోంచి తొలిచే ఏకాండి వీణ తరాలపాటు నిలుస్తుంది. ఎలా నిలుస్తుంది? మెట్లని పట్టుకున్న మైనం ఎండకి కరిగినా, అరిగినా మళ్ళీ మేళం కట్టిస్తారు కాబట్టి. మేళం కట్టించని వీణ గోడకి అలంకారం.

మెకార్ట్నీ హాఫ్నర్ బేస్ 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి దొంగతనంగా పోయింది. యాభై ఏళ్ళు దాటాక ఇంగ్లండు దక్షిణాన ససెక్స్‌లో ఒక ఇంటి అటక మీద బయటపడింది, 2024 ఫిబ్రవరిలో ఆ సంగతి లోకానికి చెప్పారు. దొరికినప్పుడు వాయించే స్థితిలో లేదు, దాన్ని బాగుచేయాల్సి వచ్చింది. అంత పేరున్న వాద్యానికే అటక మీద ఆ గతి పడితే మన ఇంటి బేస్ మాట చెప్పాలా?

అమ్మేయమన్నవాళ్ళకీ సమాధానం బాకీ ఉన్నాం. పాత వాద్యాలు కొనేవాళ్ళు ఉన్నారు, డబ్బు కూడా వస్తుంది. అవసరం ఉండి అమ్మితే తప్పు లేదు. కానీ వాళ్ళ మాటలో డబ్బు కంటే ఇంకొకటి వినిపించింది: "ఇదేం మన సంప్రదాయమా, ఇంగ్లీషువాళ్ళ గిటారు." దీనికి గట్టిగానే చెప్పాలి.

సంప్రదాయం అనే మాటని మనం కాస్త జాగ్రత్తగా వాడాలి. వయొలిన్ ఎక్కడిది? బాలుస్వామి దీక్షితర్ కాలంలో ఐరోపావాళ్ళ దగ్గర నేర్చుకున్నది. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీ అరుదు. హార్మోనియం పడమటినుంచి వచ్చింది, హార్మోనియం లేకుండా తెలుగు పద్యనాటకం ఉందా? ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, మద్రాసులో పెరిగి పేరు తెచ్చుకున్న తెలుగువాడు. మాండొలిన్‌కి మామూలుగా జంటజంటలుగా ఎనిమిది తంతులు, మీటితే టక్కున ఆగిపోయే నాదం. అందులో గమకాలు పలకవు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, అయిదు ఒంటి తంతులతో వాయించాడు. కరెంటు ఇచ్చిన నిడివి మీద గమకాలు నిలబెట్టాడు. 2014లో పోయేనాటికి ఆ ఇటలీ వాద్యాన్ని కర్ణాటక సంగీతంలో ఎవరూ పరాయిది అనడం లేదు.

మన పడమటి కొండల వెంబడే ఉత్తరాన పణ్ణైపురం ఉంది. అక్కడి ఇళయరాజా 1976లో 'అన్నక్కిళి'తో మొదలుపెట్టి ఈ దేశపు చెవికి బేస్ గిటారు వినడం నేర్పాడు. ఆయన పాటల్లో బేస్ వెనక నిలబడి దరువు వేయదు, గాయకుడితో పోటీగా ఇంకో పాట పాడుతుంది. 'సాగరసంగమం' సంగీతానికి ఆయనకి జాతీయ బహుమతి వచ్చింది, అది తెలుగు సినిమా. తెలుగు సినిమా పాటల్లో ఎన్ని మద్రాసు స్టూడియోల్లో, తమిళ, తెలుగు, మలయాళ, ఆంగ్లో ఇండియన్ వాద్యగాళ్ళు పక్కపక్కన కూర్చుని వాయిస్తే తయారయ్యాయో లెక్క లేదు. ఆ కాలంలో విదేశీ వాద్యం తెప్పించాలంటే లైసెన్సులు, సుంకాలు. అందుకే ఒక్కో గిటారూ చేతులు మారుతూ, బాగుచేయించుకుంటూ బతికింది. చిన్నతాత చేతికి వచ్చినదీ అలాంటి ప్రయాణం చేసిందే. తమిళదేశంలో ఉన్న తెలుగు ఇంట్లో, ఇటలీలో చేసిన ఇంగ్లీషు పేరుగల బేస్ ఉండటం వింత కాదు. అది మన చరిత్రే.

ఇక్కడ పిల్లవాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "శ్రీనివాస్ గారు వాద్యాన్ని మార్చుకున్నారు కదా, నేను మారిస్తే తప్పేంటి?" తప్పు లేదు నాయనా. కానీ ఆయన ముందు వాయించాడు. వాయించి వాయించి, ఏ తంతి అడ్డు, ఏ నాదం చాలదు అన్నది వేళ్ళకి తెలిసిన తరవాత మార్చాడు. నువ్వు ఆ బేస్‌ని ఇంకా ఒక్కసారి కూడా ఆ సర్క్యూట్‌తో వినలేదు. వినకుండానే పీకేస్తానంటున్నావు. మా తగవు అక్కడే. ముందు బాగుచేయించు, ఒక ఏడాది దానితోనే వాయించు. ఆ తరవాత కూడా మార్చాలనిపిస్తే, మళ్ళీ వెనక్కి పెట్టగలిగేలా మార్చు.

ఈ మాట గిటారుకే కాదని మీకు అనిపిస్తే, అవును. మన ఇంటి తెలుగు విని "ఇదేం తెలుగండీ, సగం అరవం" అని నవ్వే బంధువులు హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వస్తారు. మన పిల్లలు సిగ్గుపడి ఆ మాటలు పీకేసి టీవీ తెలుగు పెట్టుకుంటున్నారు. పాళయం అంటే దండు విడిది, తళవాయి అంటే దళవాయి, సేనాపతి. ఊరి పేర్లలోనే వలస వచ్చిన కథ దాచుకున్న వాళ్ళం. అవ్వ నోట్లోని పాత మాట ఎక్కడిదో వినకుండానే దిద్దేయడం, వినకుండానే సర్క్యూట్ పీకేయడం లాంటిదే.

ఇక చేయవలసిన పనులు. మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉంటే పనికొస్తాయని రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ తీసేయండి. మూత తెరిచాక, ఏదీ కదపకముందు తీగలు ఎక్కడెక్కడ అతికాయో నాలుగు వైపులనుంచి ఫోటోలు తీయండి. మెకానిక్‌కి "కొత్తది వేయి" అనకండి, "ఉన్నదాన్ని పలికించు" అనండి. మార్చక తప్పని ముక్కలు మారిస్తే, పాతవి ఒక కవరులో వేసి గిటారు పెట్టెలోనే ఉంచండి. తంతులు కొనేటప్పుడు పొట్టి స్కేలువే అడగండి. పొడుగు తంతి తెచ్చి కత్తిరిస్తే లావుభాగం బిరడాకి చుట్టుకుని తెగుతుంది. వాయించడం ఆపి నెలలకొద్దీ పెట్టేటప్పుడు తంతులు కాస్త వదులు చేయండి.

ఒక హెచ్చరిక. గిటారులో ఉన్నది 9 వోల్టులే, భయం లేదు. దానితోపాటు పాత వాల్వు యాంప్లిఫైయర్ కూడా దొరికితే మాత్రం ప్లగ్గు పెట్టి చూడకండి, మూతా విప్పకండి. ప్లగ్గు తీసేసిన తరవాత కూడా లోపల వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఎర్తు తీగ లేని రెండు పిన్నుల ప్లగ్గుతో వాయిస్తే తంతుల గుండానే షాకు కొట్టే ప్రమాదం ఉంది. అది తెలిసినవాళ్ళ పని.

ఆఖరుగా, ఒక కాగితం. ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో, ఎవరెవరితో కలిసి వాయించారు, ఏ పెళ్ళిలో ఏ పాట వాయించారు, తెలిసినంత రాసి ఆ పెట్టెలో పెట్టండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ లిపిలో తెలుగు రాయండి, మనలో సగంమంది ఉత్తరాలు అలాగే రాసుకున్నాం కదా. చిన్నతాత ట్రూపులో వాయించినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గరున్న ఫోటోలు, క్యాసెట్లు పారేయకముందు మాకు ఒక్క మాట చెప్పండి. రిపేరు ఖర్చుకి పెద్దల దగ్గర ఇప్పటికే చేయి చాచాం. పీకుడు పనిముట్లు మాత్రం పిల్లవాడి దగ్గరనుంచి తీసి దాచేశాం.